నాలుగు నెలల గ్రేట్ డేన్ కుక్కపిల్లకు ముంగాళ్లు వంగుతున్నాయి – పెద్ద జాతి పెంపకం తెలిసినవారి సలహా కావాలి

కావలి వాసి:

అందరికీ నమస్కారం. మేము కావలిలో ఉంటాము. రెండు నెలల క్రితం, ఎనిమిది వారాల వయస్సులో, ఒక మగ గ్రేట్ డేన్ పిల్లను ఇంటికి తెచ్చుకున్నాము. ఇప్పుడు దానికి నాలుగు నెలలు నిండాయి. గత ఆదివారం తూచినప్పుడు 27 కిలోలు ఉంది. ఇంతకు ముందు మా ఇంట్లో పెరిగినవన్నీ నాటు కుక్కలే కాబట్టి, కళ్ల ముందే ఇంత వేగంగా పెరిగే జీవాన్ని చూడడం మాకు ఇదే మొదటిసారి.

పది రోజులుగా దాని ముంగాళ్లలో తేడా కనిపిస్తోంది. పాదాలు బయటి వైపుకు తిరిగి, వేళ్లు విచ్చుకొని నేల మీద పరుచుకుంటున్నాయి. కాసేపు కదలకుండా నిలబడితే, పాదానికి పైనున్న కీలు, మనిషికైతే మణికట్టు అనే చోటు, ముందుకు వంగి సన్నగా వణుకుతోంది. ఉదయం లేవగానే నాలుగడుగులు కుంటుతుంది, ఆ తరువాత సర్దుకుంటుంది. ఆకలి బాగుంది, జ్వరం లేదు, టీకాలన్నీ వేళకు వేయించాము.

పిల్లల కోసం అమ్మే ప్యాకెట్ ఆహారాన్ని రోజుకు మూడు పూటలు, అది తిన్నంత పెడుతున్నాము. దానికి తోడు రెండు కోడిగుడ్లు, అర లీటరు పాలు, ఉదయం సాయంత్రం రెండేసి చెంచాల కాల్షియం సిరప్ ఇస్తున్నాము. సిరప్ తప్పనిసరి అని పిల్లను అమ్మినవారే చెప్పారు. ఇప్పుడు కాళ్లు వంగుతున్నాయంటే మోతాదు చాలడం లేదని, రెట్టింపు చేయమని అంటున్నారు. చేయమంటారా?

కోవూరు రైతు:

అయ్యా, మా ఇంట్లో తాతల నాటి నుంచి ఒంగోలు జాతి పశువులను పెంచుతున్నాము. కోడెదూడకు తల్లి పాలు నిండుగా వదిలి, ఉలవలు ఉడకబెట్టి పెట్టి, ఎదిగే వయస్సులో ఏ లోటూ రాకుండా చూసుకుంటేనే అది రేపు కాడి కింద నిలబడుతుంది. ఆ వయస్సులో పొట్ట మాడితే తరువాత ఎంత మేపినా ఆ ఎముక రాదు. కుక్కకైనా అంతే అని నా అభిప్రాయం. సిరప్ పెంచండి, మేక కాళ్ల రసం కూడా పోయండి.

ఒంగోలు పశువైద్యుడు (విశ్రాంత):

కావలి వారికి, ఆ సిరప్‌ను ఈ పూట నుంచే ఆపివేయండి. కారణం వివరంగా చెబుతాను.

కోవూరు వారు చెప్పినది గిత్తల విషయంలో నిజం. ఉద్యోగంలో ఉన్నంత కాలం నేను ఒంగోలు గిత్తలకూ వైద్యం చేశాను, కుక్కలకూ చేశాను. దూడ పుట్టేటప్పటికే పాతిక కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది, గట్టిపడడానికి మూడు నాలుగేళ్లు తీసుకుంటుంది. గ్రేట్ డేన్ పిల్ల పుట్టినప్పుడు కిలో కూడా తూగదు. అయినా మగపిల్ల ఏడాది తిరిగేసరికి 50 కిలోలు దాటుతుంది. అంత వేగం మీద ఉన్న అస్థిపంజరాన్ని మనం ఇంకా తొందరపెడితే, కండ ముందు పెరిగి, దానిని మోయవలసిన ఎముక, కీలు, వాటిని కట్టి ఉంచే స్నాయువు వెనుకబడిపోతాయి. పెద్ద జాతి పిల్లను బాగా పెంచడమంటే దాని ఎదుగుదలను నిదానంగా నడిపించడమే. నిదానంగా పెరిగినంత మాత్రాన తుది ఎత్తు తగ్గదు, ఎందుకంటే ఎత్తు వంశం నుంచి వస్తుంది. ఈ రోజు చేరవలసిన ఎత్తుకు కొంత ఆలస్యంగా చేరుతుంది, అంతే.

ఇక కాల్షియం సంగతి. ఎదిగిన కుక్క పేగు తనకు కావలసినంత కాల్షియాన్నే తీసుకొని మిగిలినదాన్ని మలంలో వదిలేస్తుంది. ఆరు నెలల లోపు పిల్లకు ఆ నియంత్రణ ఇంకా కుదరదు. తిన్న కాల్షియంలో దాదాపు సగం, అవసరం ఉన్నా లేకపోయినా, ఒంట్లో చేరుతుంది. ఎముక పొడవుగా పెరిగేది దాని కొనల దగ్గరుండే మృదులాస్థి పలకల నుంచి. ఆ మృదులాస్థి క్రమంగా ఎముకగా మారాలి. కాల్షియం ఎక్కువైతే ఆ మార్పే దెబ్బ తింటుంది. కాళ్లు వంకర తిరగడం, కీళ్ల లోపలి మృదులాస్థి పగుళ్లు తీసి ఊడిరావడం వంటివి ఇలా మొదలవుతాయి. కాళ్లు వంగాయని సిరప్ పోయడం, సిరప్ వల్ల మరింత వంగడం, అది చూసి ఇంకా పోయడం నేను ఎన్ని ఇళ్లలో చూశానో లెక్క లేదు.

ప్యాకెట్ ఆహారంలో కావలసిన కాల్షియం ముందే కలిపి ఉంటుంది. పెద్ద జాతి పిల్లల కోసం అని ప్రత్యేకంగా రాసి ఉన్న ప్యాకెట్ కొనండి. పెరిగాక 32 కిలోలు దాటే జాతుల పిల్లల ఆహారంలో, తేమ తీసేసిన లెక్కన, కాల్షియం 1.8 శాతం మించరాదని అమెరికాలో పశువుల ఆహారాన్ని పర్యవేక్షించే అధికారుల సంఘమైన ఆఫ్కో ప్రమాణాలు చెబుతున్నాయి. ఇంటి వంట మీదే పెంచేవారి సంగతి వేరు. అన్నం, ఎముక లేని మాంసం మాత్రమే పెడితే భాస్వరం ఎక్కువై, కాల్షియం నిజంగానే తక్కువై, ఎముక గుల్లబారుతుంది. వారికి కాల్షియం అవసరమే, కానీ వైద్యుడు పిల్ల బరువును బట్టి లెక్క కట్టి చెప్పాలి. అంగడిలో సీసా కొని చెంచాలతో పోయడం ఆ లెక్క కిందికి రాదు.

రెండవది, తిన్నంత పెట్టడం మానండి. ప్యాకెట్ మీద రాసిన కొలతను మూడు భాగాలు చేసి, పావుగంట ఉంచి గిన్నె తీసేయండి. పాలు అవసరం లేదు. ఉడికించిన గుడ్డు ఒకటి చాలు. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే, నొక్కకుండానే వేళ్లకు ఒక్కొక్క ఎముకా తగలాలి. పైనుంచి చూస్తే నడుము సన్నబడినట్టు కనిపించాలి. బంధువులు వచ్చి బక్కగా ఉందంటారు, అననివ్వండి. కుక్కల ఆహారం తయారుచేసే ప్యూరినా సంస్థ 48 లాబ్రడార్లను జీవితాంతం గమనించి 2002లో ప్రచురించిన పరిశోధనలో, తోటి కుక్కల కంటే పాతిక శాతం తక్కువ తిన్నవి దాదాపు 1.8 సంవత్సరాలు ఎక్కువ బతికాయి, వాటిలో కీళ్ల నొప్పులు కూడా ఆలస్యంగా మొదలయ్యాయి. గ్రేట్ డేన్ ఆయుష్షే ఏడు నుంచి పదేళ్లు కాబట్టి, మనకు ఆ మాత్రం కాలం కూడా విలువైనదే.

రెండు ముంగాళ్లకూ ఎక్స్‌రే తీయించండి. ఈ లోపల జ్వరం వచ్చినా, మణికట్టు కీళ్లు వాచి వేడిగా తగిలినా, నిలబడడానికి నిరాకరించినా అదే రోజు చూపించాలి. ఆ వయస్సు పెద్ద జాతి పిల్లలకు ఎముక కొనలు వాచే వేరే జబ్బు ఒకటి ఉంది.

చీమకుర్తి గృహిణి:

డాక్టరు గారు చెప్పినదానికి నేను ఒక ప్రశ్న చేర్చాలనుకుంటున్నాను. కావలి వారి ఇంట్లో నేల ఏమిటి?

మాది చీమకుర్తి. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే మా ఊరి గెలాక్సీ గ్రానైట్ ఏయే దేశాలకో వెళుతుంది. మా ఇంట్లో కూడా వంటగది నుంచి వసారా దాకా అదే పరిపించాము. లాబ్రడార్ పిల్ల వచ్చాక ఆ నునుపే మాకు సమస్య అయింది. గిన్నె చప్పుడు వినగానే అది లేచి ఉరకబోయేది. గోళ్లు రాయి మీద గరగరమని గీసుకొనేవి, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారి పొట్ట నేలకు తగిలేది. పిల్లలు నవ్వేవారు, నేను కూడా మొదట్లో నవ్వాను. తరువాత గమనిస్తే, అది జారకుండా ఉండడానికి వేళ్లు విప్పుకొని, పాదాలు బయటికి తిప్పుకొని, భయపడుతూ నడవడం అలవాటు చేసుకుంది. మీరు రాసిన నడక అచ్చం అదే.

అది తిరిగే దారి పొడుగునా కొబ్బరి పీచు పట్టాలు పరిచాము. అన్నం పెట్టే చోట, పడుకునే చోట, గుమ్మం దగ్గర మలుపులో తప్పకుండా ఉండాలి. వేళ్ల మధ్య పెరిగిన వెంట్రుకలను కత్తిరించాము, గోళ్లను పది రోజులకోసారి కొద్దికొద్దిగా తీశాము. రోజులో ఎక్కువ సేపు పెరట్లో మట్టి మీద వదిలాము. ఆరు వారాలలో పాదాలు గుప్పిట మూసినట్టు దగ్గరకు వచ్చాయి.

కావలి వాసి:

అమ్మా, మీరు అడిగాక నేల వైపు చూశాను. హాలంతా పాలిష్ చేసిన గ్రానైటే. అది రోజంతా తిరిగేది అక్కడే. ఈ రోజే పట్టాలు కొన్నాను.

ఎక్స్‌రే తీయించాము. ఎముకలు విరగలేదు, కొనల దగ్గర వాపు కూడా లేదు. స్నాయువులు బరువుకు తట్టుకోలేక సాగాయని, సిరప్ ఆపి ఆహారం తగ్గించమని ఇక్కడి వైద్యులు కూడా చెప్పారు. ఇంకొక సందేహం ఉంది. నేను దానిని రోజూ ఉదయం రెండు కిలోమీటర్లు నా సైకిల్ పక్కన పరుగెత్తిస్తున్నాను, మేడ మెట్లు కూడా ఎక్కుతుంది. అది మంచిదేనా?

ఒంగోలు పశువైద్యుడు (విశ్రాంత):

సైకిల్ పక్కన పరుగు ఏడాదిన్నర నిండే దాకా వద్దు. మనం పరుగెత్తించినప్పుడు పిల్లకు ఆగే స్వేచ్ఛ ఉండదు, అలసినా యజమానితో సమానంగా రావాలని చూస్తుంది. మెత్తని నేల మీద దాని ఇష్టానికి దానిని ఆడనివ్వండి. అలసినప్పుడు అదే పడుకుంటుంది. మెట్లు, కారులోంచి దూకడం, బంతి కోసం ఎగరడం కూడా ఇప్పుడు వద్దు. కారులోంచి మీరే ఎత్తి దింపండి. ఇంకో రెండు నెలలైతే ఎత్తలేరు, అందుకే ఏటవాలు బల్ల ఎక్కి దిగడం ఇప్పుడే నేర్పండి.

నెల్లూరు అధ్యాపకురాలు:

ఈ చర్చలో ఇంకా ఎవరూ ప్రస్తావించని ఒక ప్రమాదం గురించి రాయాలి. మా ఇంట్లో ఆరేళ్లు పెరిగిన ఆడ గ్రేట్ డేన్‌ను మేము ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నాము.

ఆ రోజు ఇంట్లో శుభకార్యం. అందరూ పనుల్లో ఉండి మధ్యాహ్నం దానికి అన్నం పెట్టడం మరచిపోయారు. రాత్రి ఎనిమిదింటికి రెండు పూటల అన్నం, మాంసం ఒకేసారి గిన్నె నిండా పెట్టారు. ఆకలి మీద ఉన్నది కాబట్టి నమలకుండా మింగేసి, ఒక పెద్ద గిన్నెడు నీళ్లు తాగి, చుట్టాల పిల్లలతో పెరట్లో పరుగులు పెట్టింది. తొమ్మిదిన్నరకు నా దగ్గరకు వచ్చి నిలబడింది. పడుకోబోయి లేచేది, మళ్లీ పడుకోబోయేది. వాంతి చేసుకోవడానికి మెడ సాచి పొట్ట ఎగరేసేది, కానీ తెల్లటి నురుగు తప్ప ఏమీ వచ్చేది కాదు. తిరిగి తన డొక్క వైపే చూసుకొనేది. పొట్ట మీద వేలితో తడితే తప్పెట మీద కొట్టినట్టు మోగింది. మేము అజీర్తి అనుకొని వాము నీళ్లు పట్టించి రెండు గంటలు చూశాము. పదకొండున్నరకు చిగుళ్లు తెల్లబడ్డాయి. ఆ వేళకు దగ్గరలో తెరిచి ఉన్న ఆసుపత్రి దొరకలేదు. కారులో వెనుక సీటులో పడుకోబెట్టుకొని మద్రాసు బయలుదేరాము. నాయుడుపేట దాటాక నా ఒళ్లోనే ఊపిరి వదిలింది.

పొట్టలో గాలి నిండి, జీర్ణాశయం మెలి తిరిగి, రెండు కొనలూ మూసుకుపోవడం వల్ల అది జరిగిందని తరువాత తెలుసుకున్నాను. మెలి పడిన జీర్ణాశయానికి రక్తం అందదు, వెనుక నుంచి గుండెకు వెళ్లే పెద్ద సిర కూడా నొక్కుకుపోతుంది. శస్త్రచికిత్స తప్ప వేరే మార్గం లేదు, అది కూడా గంటల వ్యవధిలో జరగాలి. లోతైన ఛాతీ ఉన్న జాతులన్నిటికీ ఈ ముప్పు ఉంది, గ్రేట్ డేన్‌కు అందరికంటే ఎక్కువ. రాని వాంతి కోసం కుక్క పదేపదే ప్రయత్నిస్తే వాము నీళ్లూ సోడా పట్టిస్తూ కూర్చోకండి. రాత్రి పూట శస్త్రచికిత్స చేసే వైద్యులు మీకు దగ్గరలో ఎక్కడున్నారో ఈ రోజే విచారించి, ఫోన్ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి.

గిన్నెను ఎత్తు బల్ల మీద పెడితే మంచిదని మాకు చెప్పారు, మేము అలాగే పెట్టాము. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఎత్తైన గిన్నెతో ముప్పు పెరిగినట్టే తేలిందని చాలా ఆలస్యంగా చదివాను.

ఒంగోలు పశువైద్యుడు (విశ్రాంత):

అమ్మా, మీరు రాసిన ప్రతి లక్షణమూ సరైనదే, ఇది చదివిన వారెవరూ మరువరాదు. రోజు ఆహారాన్ని రెండు మూడు పూటలుగా పంచడం, తిన్నాక కనీసం ఒక గంట పరుగులు లేకుండా చూడడం ముప్పును తగ్గిస్తాయి, తొలగించవు. జీర్ణాశయపు గోడను కుడి వైపు పొట్ట గోడకు కుట్టే శస్త్రచికిత్స ఉంది. దాని తరువాత గాలి నిండినా మెలి పడడం చాలా అరుదు. పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్సతో పాటే దీనిని చేయించవచ్చు. పెద్ద జాతులకు ఆ శస్త్రచికిత్సను ఎదుగుదల పూర్తయ్యే దాకా ఆపడం మేలు. తిరుపతిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రిలో గాని, మద్రాసు వేపేరిలోని పశువైద్య కళాశాలలో గాని ముందుగా మాట్లాడి నిర్ణయించుకోండి.

సింగరాయకొండ వాసి:

రోహిణీ కార్తె రాబోతోంది కాబట్టి ఎండ గురించి రాస్తున్నాను. కుక్క ఒంటికి చెమట పట్టదు, అరికాళ్లలో కొద్దిగా తప్ప. అది నాలుక చాచి రొప్పుతూ, ఆ తడి ఆరడం వల్లనే చల్లబడుతుంది. మన సముద్ర తీరంలో ఉక్క పోసే రోజుల్లో తడి ఆరదు, అందుకే 38 డిగ్రీల ఉక్క కూడా పొడి ఎండ కంటే దానికి కష్టం. పెద్ద ఒళ్లు త్వరగా చల్లబడదు కూడా. నేను నడకను తెల్లవారుజామున ఐదింటికి మార్చాను. సాయంత్రం ఆరైనా తారు రోడ్డు మీద అరచేతి వెనుక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే బయటికి తీసుకువెళ్లను. పెరట్లో తాటాకు పందిరి కింద ఇసుక పోసి, మధ్యాహ్నం రెండు బిందెల నీళ్లు చల్లుతాను. మా కుక్క ఆ తడి ఇసుకను కాళ్లతో తవ్వి, గుంటలో పొట్ట ఆనించి పడుకుంటుంది.

కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 104 దాటి, తూలుతూ, చిక్కటి చొంగ కారుస్తుంటే వడదెబ్బే. వెంటనే నీడలోకి తెచ్చి, ఒళ్లంతా కుళాయి నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టాలి. చల్లబరచడం మొదలుపెట్టాకే ఆసుపత్రికి కదలాలి. తడి గుడ్డ కప్పి వదిలేయకండి, అది కాసేపటికి వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

కోవూరు రైతు:

డాక్టరు గారూ, నేను తెలియక ఇచ్చిన సలహాను వెనక్కు తీసుకుంటున్నాను. కావలి వారు మన్నించాలి. మా కొట్టం దగ్గర కాపలాకు రాజపాళయం కుక్క ఉంది. దానికి చెవుల నిండా పిడుదులు పట్టాయి. గొడ్లకు కొట్టే మందే దానికీ కొట్టవచ్చా?

ఒంగోలు పశువైద్యుడు (విశ్రాంత):

కొట్టకండి. గొడ్ల మందు గాఢత వేరు, కుక్క ఒళ్లు నాక్కుంటుంది కాబట్టి విషం లోపలికి పోతుంది. కుక్కలకు బరువును బట్టి ఇచ్చే నోటి మాత్రలు ఉన్నాయి. కుక్క పిడుదు పశువుల పిడుదు లాగా పొలంలో కాకుండా గోడ పగుళ్లలో, గుమ్మం చెక్కల సందుల్లో గుడ్లు పెడుతుంది. అందువల్ల కుక్కకు మందు వేసి కొట్టాన్ని వదిలేస్తే ఫలితం ఉండదు, పగుళ్లు పూడ్చి సున్నం కొట్టించండి. మీ కుక్క అన్నం మానినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా పిడుదు జ్వరంగా అనుమానించి రక్త పరీక్ష చేయించండి. వేళకు పట్టుకుంటే నాలుగు వారాల డాక్సీసైక్లిన్‌తో చాలా వరకు నయమవుతుంది.

నెల్లూరు అధ్యాపకురాలు:

కావలి వారు ఇంకొక్క విషయం మరువరాదు. 27 కిలోల పిల్ల మీదికి ఎగిరితే ముద్దుగానే ఉంటుంది. మా కుక్క 60 కిలోలై మా అత్తగారి మీదికి ప్రేమగా ఎగిరినప్పుడు ఆమె తుంటి ఎముక విరిగింది. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే పలకరించండి, ఎగిరితే అటు తిరిగి నిలబడండి. ఇంట్లో అందరూ ఇలాగే చేయాలి. ఒక్కరు ముద్దు చేసినా అది నేర్చుకోదు.

కావలి వాసి:

ఐదు నెలల తరువాత మళ్లీ రాస్తున్నాను. మావాడికి తొమ్మిది నెలలు. 46 కిలోలు ఉన్నాడు, పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి. సిరప్ ఆపిన మూడవ వారానికి ఉదయపు కుంటు పోయింది. మణికట్టు వణకడం ఆగడానికి రెండు నెలలు పట్టింది. ఎడమ పాదం ఇప్పటికీ కొద్దిగా బయటికి ఉంది, అది అలాగే ఉండవచ్చని వైద్యులు చెప్పారు. పీచు పట్టాలు రెండు సార్లు మార్చాము, మొదటివాటిని వాడే కొరికేశాడు. రోహిణి రోజులన్నీ వేపచెట్టు కింద తడి ఇసుకలోనే గడిపాడు.

ఏడాదిన్నర నిండాక తిరుపతిలో జీర్ణాశయాన్ని కుట్టించే శస్త్రచికిత్సకు మాట్లాడాము. రెండేళ్లకు తుంటి ఎక్స్‌రే కూడా తీయిస్తాము. కావలి నుంచి అంత దూరం ఈ ఒళ్లును మా చిన్న కారులో ఎలా తీసుకువెళ్లాలో మాత్రం ఇంకా తోచలేదు.

కోవూరు రైతు:

మా బొలెరో ఉంది. వెనుక వరిగడ్డి మందంగా పరిచి, పైన టార్పాలిన్ కట్టిస్తాను. తేదీ ఖాయం కాగానే నాకు చెప్పండి. తెల్లవారుజామున మూడింటికి మీ గుమ్మం ముందు ఉంటాను, ఎండ ఎక్కక ముందే తిరుపతి చేరతాము. ఆ ఏటవాలు బల్ల మాత్రం మీరే తీసుకురండి.